పొల్యూషన్ కంట్రోల్‌లో ఫీల్డ్ ఉద్యోగం వచ్చింది, చేరమంటారా? చేసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి

లింగంపల్లి_లోకల్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, రెండేళ్లుగా ఒక మందుల కంపెనీ క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. ఇప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల పరిశ్రమల వ్యర్థాలను తనిఖీ చేసే టీములో ఫీల్డ్ అసిస్టెంట్‌గా అవకాశం వచ్చింది. ఔట్‌సోర్సింగ్. జీతం ఇప్పటికన్నా నాలుగు వేలు తక్కువ. పది రోజుల్లో చేరాలి.

"ఫ్యాక్టరీలవాళ్లతో మనకెందుకమ్మా గొడవ" అంటున్నారు నాన్న. అమ్మ ఏమీ అనట్లేదు. అంటే ఆవిడకీ ఇష్టం లేదనే.

నేను పెరిగింది పటాన్‌చెరు దగ్గరే. చిన్నప్పుడు మా బస్సు నక్కవాగు దాటుతుంటే కండక్టర్‌తో సహా అందరూ ముక్కుకు బట్ట అడ్డం పెట్టుకునేవాళ్లు. వాగంటే అలాగే వాసన వస్తుందనుకునేదాన్ని. ఆ వాసనకు కారణం ఉంటుందని, దాన్ని కొలవొచ్చని కాలేజీకి వెళ్లాకే తెలిసింది. అందుకే ఈ ఉద్యోగం మీద మనసు పోతోంది.

అసలు రోజంతా ఏం చేయిస్తారు? ఆడపిల్లకు ఫీల్డ్ ఎలా ఉంటుంది? నాలుగేళ్ల తర్వాత దీనివల్ల ఏమైనా ఉపయోగం ఉంటుందా?

---

సందేహి_77 | సోమవారం, రాత్రి 10:05

చేరకండి. పర్మనెంట్ కాని ఉద్యోగం కోసం ఉన్న ఉద్యోగం వదులుకోవడం ఎందుకు? పొల్యూషన్ కంట్రోల్ బోర్డులో పనిచేయాలనుంటే అనలిస్ట్ పోస్టుకో, అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్ (ఏఈఈ) పోస్టుకో నోటిఫికేషన్ పడినప్పుడు రాయండి. ఏఈఈకి ఇంజనీరింగ్ డిగ్రీ కావాలి, మీకు అనలిస్ట్ దారి ఉంటుంది.

---

ఫెర్రోయిన్ | సోమవారం, రాత్రి 11:20

అమ్మా, నేను ప్రభుత్వ ల్యాబులో 30 ఏళ్లు పైగా పనిచేసి రిటైరయ్యాను. రోజంతా ఏం చేయిస్తారని అడిగావు కాబట్టి దాని గురించే చెబుతాను.

నీ పనిలో సగం సీసాలే. ముందురోజు సాయంత్రమే సర్దుకోవాలి. సీఓడీకి, అంటే నీటిలోని కాలుష్యాన్ని రసాయనంతో ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో కొలవడానికి తీసే నీళ్లలో సల్ఫ్యూరిక్ ఆసిడ్ వేసి పీహెచ్ 2 కన్నా తగ్గించాలి. లోహాలకైతే నైట్రిక్ ఆసిడ్. సయనైడ్‌కు దీనికి పూర్తిగా వ్యతిరేకం, సోడియం హైడ్రాక్సైడ్ వేసి పీహెచ్ 12 దాటించాలి. పొరపాటున దాంట్లో ఆసిడ్ పోస్తే వచ్చేది హైడ్రోజన్ సయనైడ్ గ్యాసు, ప్రాణం పోతుంది. నూనె, గ్రీజు చూడాలంటే గాజు సీసాయే వాడాలి, ప్లాస్టిక్‌కు జిడ్డు అంటుకుపోతుంది. బీఓడీ, అంటే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలిచే సీసాలో ఏమీ వేయకుండా ఐసులో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చాలి. ఈ ఐదు ముక్కలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

మిగతా సగం సంతకాలు. 1974 నీటి చట్టంలో 21వ సెక్షన్ ఉంది, చేరేలోపు నాలుగుసార్లు చదువు. నమూనా తీసే అధికారం బోర్డు అధికారమిచ్చినవాళ్లకే ఉంటుంది. నువ్వు అసిస్టెంట్‌వి, పక్కనుండి సాయం చేస్తావు. తీస్తున్నామని యాజమాన్యానికి అక్కడే నోటీసివ్వాలి. వాళ్ల ఎదుటే రెండు భాగాలు చేసి సీలు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. కావాలని మొహం చాటేస్తే అధికారి ఒక్కడే సంతకం పెట్టి, ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేస్తూ పంపాలి.

ఎందుకింత చెబుతున్నానంటే, నా సర్వీసు మొదట్లో ఒక సీసా వచ్చింది. మూత తీయగానే కళ్లు మండాయి. సీఓడీ పదకొండు వేలు దాటింది. వాగులోకి వదలాలంటే లీటరుకు 250 మిల్లీగ్రాములు మించకూడదు. ఇక తప్పించుకోలేరని సంబరపడ్డాం. తీరా విచారణలో సీలు మీది లక్క పగిలి ఉందని ల్యాబు రిజిస్టర్‌లో రాసి ఉన్నది బయటపడింది. రాసింది నేనే, ఉన్నదే రాశాను. జీపు కుదుపులకు పగిలిందో ఇంకోటో తెలియదు. ఆ రిపోర్టు పనికిరాకుండా పోయింది. ఆ సాయంత్రం రిజిస్టర్ ముందు ఎంతసేపు కూర్చున్నానో. లక్క వేసేటప్పుడు తొందరపడకమ్మా. ముడి మీద మందంగా పోసి, ఇత్తడి ముద్ర నొక్కి, చల్లారేదాకా పట్టుకో.

---

బాలానగర్_ప్లేటింగ్ | మంగళవారం, ఉదయం 7:15

చేరితే చేరండి కానీ మా వైపు కూడా వినండి. నాది చిన్న ఎలక్ట్రోప్లేటింగ్ షెడ్, ఆరుగురు పనివాళ్లు. జీపు గేటు ముందు ఆగితే చాలు, నాకు బీపీ పెరుగుతుంది. పెద్ద కంపెనీకి ఎన్విరాన్‌మెంట్ మేనేజర్ ఉంటాడు, లాయర్ ఉంటాడు. మాకు ఆ ఫారాల్లో సగం అర్థం కావు. వచ్చినవాళ్లు తప్పు రాసుకుని పోతారు, ఎలా సరిచేసుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ.

---

ఫెర్రోయిన్ | మంగళవారం, ఉదయం 8:02

బాలానగర్ గారూ, మీ ఇబ్బంది నిజమే. క్రోమ్ కడిగిన నీళ్లయితే నేను చెబుతాను. పసుపుగా ఉందంటే హెక్సావలెంట్ క్రోమియం, అది లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదు. పీహెచ్ 2, 3 మధ్యకు దించి సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే పసుపు పోయి ఆకుపచ్చ వస్తుంది. తర్వాత సున్నంతో 8 దాటిస్తే ఆకుపచ్చ ముద్దగా అడుక్కి దిగుతుంది. ఆ ముద్ద ప్రమాదకర వ్యర్థం, చెత్తకుండీలో వేయకండి. సయనైడ్ తొట్టి నీళ్లు వీటితో కలవనే కూడదు, వాటికి కాలువ వేరు, తొట్టి వేరు. ఇదంతా డ్రమ్ముల్లోనే చేసుకోవచ్చు, పెద్ద ప్లాంటు అక్కర్లేదు.

---

ఫీల్డ్_డైరీ | మంగళవారం, రాత్రి 9:30

నేను ఫీల్డ్ ఇంజనీర్‌ని, తొమ్మిదేళ్ల సర్వీసు. ఆఫీసు పేరు చెప్పను. చెల్లీ, నీ రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది ఇక్కడ నేనే అనుకుంటా.

ఆడవాళ్లకు కష్టం ఫ్యాక్టరీ లోపల కాదు, దారిలో. పొద్దున ఏడింటికి బయల్దేరితే మధ్యాహ్నందాకా సరైన టాయిలెట్ దొరకని రూట్లున్నాయి. ఏ బంకులో బాగుంటుంది, ఏ స్కూల్లో అడగొచ్చు, డైరీ చివరి పేజీలో రాసుకున్నాను. నీకు పంపిస్తాను. సేఫ్టీ షూ మగవాళ్ల సైజులే ఇస్తారు, పెద్ద బూట్లతో తడి మెట్లెక్కితే జారిపడతావు. నీ సైజుది సొంత డబ్బులతోనైనా కొనుక్కో. రాత్రి గస్తీకి వెళ్తే ఇంకో ఆడమనిషి ఉండేలా ముందే అడుగు. అడగడం తప్పు కాదు.

నీళ్ల బాటిల్, టిఫిన్ డబ్బా నీవే ఉండాలి. "ఎండలో వచ్చారు మేడం, కూల్ డ్రింక్ తీసుకోండి" అంటారు. చాలామంది మర్యాదకే అంటారు, అయినా వద్దను. పండగకు స్వీట్ బాక్సు ఇవ్వబోతారు, దానికీ వద్దనే చెప్పు. మొదటి నెలలో నాలుగుసార్లు వద్దంటే తర్వాత ఎవరూ అడగరు.

లోపలికి వెళ్లగానే ఆఫీసు గదిలో కూర్చోబెట్టి ఫైలు చూపిస్తారు. ఫైలు ఎక్కడికీ పోదు. కాలువ మాత్రం అరగంటలో మారిపోతుంది. ముందు ప్రహరీ బయట చుట్టూ తిరిగి రా. నేల ఎక్కడ తడిగా ఉంది, గడ్డి ఎక్కడ మాడింది, కొత్త సిమెంటు ఎక్కడ పూశారు చూడు. తర్వాత ఈటీపీకి, అంటే ఫ్యాక్టరీ తన వ్యర్థజలాన్ని శుద్ధి చేసే చోటికి నడువు. ఈటీపీ కరెంటుకు విడిగా మీటరు ఉంటే ఆ రీడింగు రాసుకుని లాగ్‌బుక్‌తో పోల్చు. ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయర్లు రోజుకు ఇరవై గంటలు నడిపామని రాసి మీటరు కదలకపోతే ఆ లాగ్‌బుక్‌కు విలువ లేదు. గాలి కొట్టే ట్యాంకు నీళ్లు లీటరు సిలిండర్‌లో పోసి అరగంట పక్కన పెట్టు. బురద అడుక్కి దిగాలి. ఏమీ దిగలేదంటే ఆ ట్యాంకులో సూక్ష్మజీవులు లేవో, సరిగ్గా పనిచేయట్లేదో అన్నమాట, ఎంత నురుగున్నా లాభం లేదు.

బాలానగర్ అన్నగారి మాటకు ఒకటి చెప్పాలి. బోర్డు పెట్టలేదనో, డ్రమ్ముకు లేబుల్ లేదనో నేనూ చెప్పి సరిచేయిస్తాను. గోడ కింద నుంచి దొంగ పైపు కనిపిస్తే మాత్రం చిన్నా పెద్దా చూడను, అక్కడే పంచనామా రాస్తాను.

---

నైట్_షిఫ్ట్_ఈటీపీ | బుధవారం, తెల్లవారుజాము 4:10

డ్యూటీలో ఉండే రాస్తున్నా. పదకొండేళ్లుగా బల్క్ డ్రగ్ యూనిట్లలో ఈటీపీ ఆపరేటర్‌ని. ఇప్పుడున్న చోట బాగానే నడుస్తుంది. ఇంతకుముందు పనిచేసిన చోటు సంగతి వేరు, పేరొద్దు.

మా నీళ్లు రెండు రకాలు సిస్టర్. ఉప్పు ఎక్కువున్నవి ముందు ద్రావకాలను వేరుచేసే స్ట్రిప్పర్‌కి, అక్కడి నుంచి ఎంఈఈకి పోతాయి. అంటే ఆవిరితో కాచి నీటిని లాగేయడం. చివరికి మిగిలే ఉప్పు బస్తాల్లో దుండిగల్ పూడ్చివేత కేంద్రానికి వెళ్తుంది. ఉప్పు తక్కువున్నవి బయలాజికల్‌కి, అంటే సూక్ష్మజీవుల ట్యాంకుకి పోయి, ఆర్ఓలో తిరిగి వాడకానికి వస్తాయి. ఇందులో ఎంఈఈకే ఖర్చు, ఆవిరంటే బొగ్గు. ప్రొడక్షన్ పెరిగి ట్యాంకులు నిండిన రాత్రి "ఇవాళ ఏదో చేసి ఖాళీ చెయ్" అని ఫోనొస్తుంది. పాత చోట నాకు అట్లాంటి ఫోన్లు వచ్చాయి. రెండుసార్లు వాల్వు తిప్పాను. మూడోసారి తిప్పలేక ఉద్యోగం మానేశాను. ఆ కాలువ కింద మా మేనత్త వాళ్ల ఊరుంది.

మీకు పనికొచ్చే మాట: ఎంఈఈ నడుస్తోందని చెబితే, ఆవిరి చల్లారి నీరై వచ్చే కండెన్సేట్ పైపు దగ్గర చేతి వెనకభాగం పెట్టి చూడండి, తాకక్కర్లేదు, దగ్గర పెడితే చాలు. సెగ తగలకపోతే అది ఆగి చాలాసేపైనట్టు. ఉప్పు ఎంత వచ్చింది, ఎంత పంపారు అని మ్యానిఫెస్ట్‌లు, అంటే వ్యర్థం లారీతో పంపే పత్రాలు అడగండి. ఏడు కాపీలు, ఒక్కోటి ఒక్కో రంగు. పసుపుది మా దగ్గర ఉంటుంది, నీలంది దుండిగల్ నుంచి తిరిగి రావాలి. పసుపు ఉండి నీలం లేకపోతే ఆ లారీ ఎక్కడికి పోయిందని అడగండి. ప్రమాదకర వ్యర్థం 90 రోజులకు మించి ఆవరణలో ఉంచకూడదు కాబట్టి బస్తాల మీద తేదీలు కూడా చూడండి.

ఇంకొక్కటి. తనిఖీకి వచ్చినవాళ్లు మేనేజర్‌తోనే మాట్లాడి పోతారు. మమ్మల్ని "బ్లోయర్ ఎన్నింటికి ఆగింది బాబూ" అని మామూలుగా అడగండి. అందరం అబద్ధం చెప్పం.

---

లింగంపల్లి_లోకల్ | బుధవారం, ఉదయం 6:50

అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఇంత చెప్పినందుకు థ్యాంక్స్.

ఒక సందేహం. ఎన్నో ఏళ్లుగా ఇంత తనిఖీ జరుగుతుంటే వాగు ఎందుకు అలాగే ఉంది? నాన్న అడిగేది కూడా ఇదే. నా దగ్గర జవాబు లేదు.

---

తూముకాడ | బుధవారం, మధ్యాహ్నం 1:25

బిడ్డా, నేను రైతును. మా పొలం నక్కవాగు కిందికి, మంజీర దిక్కు. వాగు నీళ్లు పెడితే వరి పొట్టకొచ్చేసరికి తాలు పోయింది. బోరు వేస్తే నీళ్లు పచ్చగా వచ్చినయి. బర్రె మూతి పెట్టి వెనక్కి తీసుకుంది. అదే మాకు ల్యాబు.

1990లో సుప్రీంకోర్టుకు పోయిన కేసు మా పటాన్‌చెరుదే. తర్వాత హైకోర్టుకొచ్చింది, ఆ తర్వాత గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోయింది. నష్టపరిహారం కొంత వచ్చింది. భూమి మాత్రం వెనకటి లెక్క కాలేదు. నాకు తెలిసిన కాడికి, నమూనాకు వచ్చే జీపులు పట్టపగలు వస్తయి. నీళ్లేమో వాన పడ్డ రాత్రి వదుల్తరు. వానలో కలిస్తే ఎవరికీ కనబడదని. నువ్వు చేరితే చేరు, మొదటి వాన పడ్డ తెల్లారి మాత్రం ఫీల్డులో ఉండు.

---

ఫెర్రోయిన్ | బుధవారం, సాయంత్రం 5:45

పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. దానికి ల్యాబు వైపు నుంచి ఇంకొకటి చెబుతాను.

మనం కొలిచేది మన జాబితాలో ఉన్నదాన్నే. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. జ్వరానికి, విరేచనాలకు రాసే యాంటీబయాటిక్ అది. ఆ పేపర్ చదివిన రోజు నా బల్ల మీద ఉన్న చార్టు చూసుకున్నాను. పీహెచ్, సీఓడీ, బీఓడీ, టీడీఎస్ అన్నీ ఉన్నాయి. ఆ మందు పేరు లేదు. లేనప్పుడు ఎవరు వెతుకుతారు? 2020 జనవరిలో కేంద్రం యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ ముసాయిదా ఇచ్చింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. నాకు చాలా బాధ కలిగించిన విషయం ఇది.

కానీ అమ్మా, నువ్వు క్యూసీలో చేశావు కాబట్టి హెచ్‌పీఎల్‌సీ, అంటే ద్రవంలో కలిసిన మందులను విడదీసి కొలిచే పద్ధతి, తెలిసినదానివి. మా కాలంలో ఫీల్డుకు వెళ్లేవాళ్లకు అది తెలియదు, అది తెలిసినవాళ్లు ఫీల్డుకు రారు. నాలుగేళ్ల తర్వాత ఉపయోగం ఉంటుందా అని అడిగావు చూడు, నా మట్టుకు నాకు జవాబు ఇదే. రెండూ తెలిసిన మనిషికి విలువ ఉంటుంది.

---

హ్యూస్టన్_తెలుగు | గురువారం, ఉదయం 8:10

నేను అమెరికాలో ఒక నగర మురుగునీటి విభాగంలో ఇదే పని చేస్తున్నాను, ఎంట్రీ లెవెల్‌లోనే మొదలుపెట్టాను. ఇక్కడ పద్ధతి వేరు. 1972 క్లీన్ వాటర్ యాక్ట్ కింద, ఫ్యాక్టరీ తన నీళ్లను నగరం డ్రైనేజీలోకి వదలాలంటే పర్మిట్ ఇచ్చేది ఆ నగరమే. రోజుకు 25,000 గ్యాలన్లు, అంటే దాదాపు 95 వేల లీటర్లు, అంతకన్నా ఎక్కువ ప్రాసెస్ నీళ్లు వదిలే ప్రతి యూనిట్‌నూ ఏడాదికి ఒక్కసారైనా నగరం తనిఖీ చేసి శాంపిల్ తీయాలి. డ్రైనేజీ, శుద్ధి ప్లాంటు, పర్మిట్ మూడూ ఒకే ఇంట్లో ఉండటంతో, ప్లాంటులో సూక్ష్మజీవులు చచ్చిపోతే మ్యాన్‌హోల్ తర్వాత మ్యాన్‌హోల్ వెనక్కి వెతుక్కుంటూ వెళ్లగలం. హైదరాబాద్‌లో పరిశ్రమకు అనుమతి పొల్యూషన్ బోర్డు, డ్రైనేజీ వాటర్ బోర్డు, నాలా మున్సిపల్ కార్పొరేషన్. ముగ్గురి ఫోన్ నంబర్లూ దగ్గర ఉంచుకోండి.

పగలు వెళ్తే రాత్రి వదిలేది దొరకదన్నారు కదా. మేము మ్యాన్‌హోల్‌లో ఆటోశాంప్లర్ వేలాడదీస్తాం. 24 గంటలు కొద్దికొద్దిగా తోడుకుని ఐసులో దాస్తుంది.

ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఎవరు చెప్పినా సంపులోకి, మ్యాన్‌హోల్‌లోకి దిగొద్దు. నాలుగు గ్యాసుల మీటరు ముందు లోపలికి దించాలి. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గితే లోపలికి ప్రవేశం లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. వంద పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాళ్లే పడిపోతారు. పైన ఉన్నవాళ్లు కాపాడదామని దిగి వాళ్లూ పడిపోతారు. తాడు కట్టిన బకెట్‌తో పైనుంచే శాంపిల్ తీయండి.

---

సందేహి_77 | గురువారం, ఉదయం 9:00

జీతం విషయంలో నా మాట మార్చుకోను. కాంట్రాక్ట్ ఎన్నేళ్లకు, పీఎఫ్ కడుతున్నారా, ఫీల్డులో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ ఎవరిది, ఇవి రాతపూర్వకంగా తీసుకుని చేరండి. పైన చదివాక పూర్తిగా వద్దని మాత్రం అనలేకపోతున్నాను.

---

లింగంపల్లి_లోకల్ | శుక్రవారం, రాత్రి 8:15

చేరుతున్నాను. పీఎఫ్, ఇన్సూరెన్స్ రెండూ లెటర్‌లో రాయించుకున్నాను. ఈ చర్చంతా నాన్నకు చదివి వినిపించాను. తూముకాడ గారి పోస్టు దగ్గర ఆపమని మళ్లీ చదివించుకున్నారు. తర్వాత ఏమీ అనలేదు. పొద్దున లేచి నా స్కూటీకి గాలి కొట్టించుకొచ్చారు.

---

లింగంపల్లి_లోకల్ | ఐదు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:20

అందరికీ ఒక్కచోటే రాస్తున్నాను.

మొదటి రెండు వారాలు సీసాలు కడగడం, లేబుళ్లు రాయడం, ఐస్ బాక్సు మోయడం. మా ఇంజనీర్ సార్ ఎక్కువ మాట్లాడరు కానీ ఏ ప్రశ్న అడిగినా విసుక్కోరు. మూడో వారం ఒక యూనిట్‌కు వెళ్లాం. లాగ్‌బుక్ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. కండెన్సేట్ పైపు దగ్గర చెయ్యి పెట్టాను. సెగ లేదు. సార్‌కు చెబితే ఆయన ఆపరేటర్‌ను పక్కకు పిలిచి ఎన్నింటికి ఆగిందని మెల్లగా అడిగారు. అతను మేనేజర్ వైపు చూశాడు, తర్వాత నేల వైపు చూసి, "నిన్న పొద్దున" అన్నాడు.

నమూనా తీశాం. లక్క నేనే పోశాను ఫెర్రోయిన్ గారూ, చల్లారేదాకా సీసా ఒళ్లో పెట్టుకున్నాను. ల్యాబులో దగ్గరుండి చూడనిచ్చారు. సీఓడీ కోసం నారింజ రంగు డైక్రోమేట్ వేసి వేడికి పెట్టగానే ఆకుపచ్చగా తిరిగింది. "మరీ చిక్కగా ఉంది, పలచన చేసి మళ్లీ పెట్టాలి" అన్నారు మేడం. మూడోసారికి అంకె వచ్చింది. ఫైలు నడుస్తోంది కాబట్టి ఎంతో ఇక్కడ చెప్పకూడదు. రిజిస్టర్‌లో "సీలు చెక్కుచెదరలేదు" అని రాశారు. ఆ లైను ఫొటో తీసుకోబోయి, తీయకూడదని ఆగాను.

ఫీల్డ్_డైరీ అక్కా, మీ లిస్టులో మూడో బంకు టాయిలెట్‌కు ఇప్పుడు తాళం వేస్తున్నారు, కొట్టేయండి.

తూముకాడ గారూ, ఈ వారం వాన ఉందంటున్నారు. మీ వైపు వాగులో నమూనా తీయడానికి సార్‌ను అడిగితే ఒప్పుకున్నారు. వాన పడ్డ తెల్లారి ఆరింటికల్లా వస్తాం. దారి తెలియదు, మీరెక్కడుంటారో చెప్పండి.

---

తూముకాడ | ఆదివారం, రాత్రి 7:05

కల్వర్టు దాటినంక ఎడమ దిక్కు చింతచెట్టు ఉంటది. అక్కడ్నే జీపు ఆపుండ్రి, లోపలికి తెస్తే బురదలో దిగబడతది. నేను ఐదున్నరకే చెట్టుకింద ఉంటా.